ఆడని మ్యాచ్ టికెట్టుతో కమైషికి

మొదటి రోజు

నా పాస్‌పోర్ట్ కవరులో ఒక టికెట్ ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది. 2019 అక్టోబర్ 13, రగ్బీ ప్రపంచకప్, నమీబియా, కెనడా, జపాన్‌లోని కమైషి స్టేడియం. ఆ మ్యాచ్ జరగలేదు. తుపాను వచ్చి రద్దయింది, డబ్బులు తిరిగి ఇచ్చేశారు. నేను టోక్యో దాటనే లేదు. అప్పటినుంచి ఆ ఊరు చూడాలని మనసులో ఉంది గానీ ఒక్కదాన్నే వెళ్ళబుద్ధి కాలేదు.

ఈ అక్టోబర్‌లో నాన్న మా ఇంటికి వచ్చారు. వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఏళ్ళ తరబడి షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. గుళ్ళూ టవర్లూ చూపించిన నాలుగో రోజుకే, "ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ తల్లీ, వీళ్ళు ఇనుము ఎక్కడ కరిగిస్తారో అది చూపించు" అన్నారు. అప్పుడు తట్టింది. కమైషికి రగ్బీతో ఎంత పేరుందో ఉక్కుతోనూ అంతే ఉంది. ఇద్దరం కలిసి వెళ్ళాల్సిన ఊరు అదే.

పొద్దున్నే టోక్యోలో షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కి, ఉత్తరాన ఇవాతే ప్రాంతంలోని షిన్-హనమాకిలో దిగాం. అక్కడినుంచి కొండల్లోంచి సముద్రం దాకా వెళ్ళే చిన్న రైలు. కోతలయిన వరి మళ్ళు, మధ్యలో తోనో అనే ఊరు, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటిగా సొరంగాలు. నేను కట్టి తెచ్చిన పులిహోర తింటూ నాన్న కిటికీకి అతుక్కుపోయారు. కనుమ దిగేటప్పుడు రైలు గుర్రపు నాడాలా ఒక చుట్టు తిరిగి ఒహాషి స్టేషన్‌కి వస్తుంది. ఇప్పుడక్కడ పెద్దగా ఏమీ లేదు. కానీ 1857లో ఒషిమా తకాతో అనే ఇంజనీరు రాతి ఖనిజం నుంచి పాశ్చాత్య పద్ధతి కొలిమిలో ఇనుము తీసింది ఆ ఒహాషిలోనే. జపాన్ ఆధునిక ఉక్కు కథ అక్కడ మొదలైంది.

ఆ కథలో నాన్నకి బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. ప్రభుత్వం కమైషిలో పెద్ద కర్మాగారం పెట్టి, నడపలేక మూసేసింది. తర్వాత తనాకా అనే వ్యాపారి మనుషులు చిన్న కొలిమి కట్టుకుని, విఫలమైన కొద్దీ మళ్ళీ వెలిగించి, 49వ ప్రయత్నంలో ఇనుము పారించారు. అది 1886 అక్టోబర్ 16. "నలభై ఎనిమిదిసార్లు గడ్డ కట్టిపోయిన కొలిమిని తవ్వి బయట పోసుకోవడం అంటే ఏటనుకున్నావ్?" అన్నారు నాన్న. ఆయనకి తెలుసు. మాకు తెలియదు.

కమైషి స్టేషన్‌లోంచి బయటికి రాగానే ఎదురుగా ఉక్కు కర్మాగారమే. ఊరు దాని చుట్టూ పుట్టిందని చెప్పకుండానే అర్థమవుతుంది. దాని కోసమే 1945 జులై 14న అమెరికా యుద్ధనౌకలు ఈ ఊరి మీద గుండ్ల వర్షం కురిపించాయి, ఆగస్టు 9న మళ్ళీ వచ్చాయి. రెండుసార్లూ కలిపి 750 మందికి పైగా పోయారు. ఊరు తిరిగి లేచింది. 1963 నాటికి 92 వేల జనాభా. 1989లో చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆపేశాక ఇప్పుడది 30 వేల లోపే. వైర్ రాడ్ మాత్రం ఇప్పటికీ తీస్తున్నారు. "మన దగ్గరా ఉంది వైర్ రాడ్ మిల్లు" అని నాన్న గేటు ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆగిపోయిన ఫర్నేస్ గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.

రాత్రి బస చేసిన చిన్న సత్రంలో మెట్ల దగ్గర ఒక పాత ఫొటో ఉంది. ఎర్ర జెర్సీల్లో బలమైన మనుషులు, వెనకాల స్టేడియం నిండా రంగురంగుల పెద్ద జెండాలు. నిప్పాన్ స్టీల్ కమైషి జట్టు. 1979 నుంచి 1985 దాకా వరుసగా 7 సార్లు జాతీయ ఛాంపియన్లు. 'ఉత్తరాది ఉక్కు మనుషులు' అని దేశమంతా పిలిచేది. వాళ్ళలో చాలామంది ఈశాన్య జపాన్‌లోని తోహోకు ప్రాంతంలో హైస్కూలు చదువుతోనే ప్లాంటులో చేరిన కుర్రాళ్ళు. పగలు డ్యూటీ, డ్యూటీ దిగాక ప్రాక్టీసు. టోక్యో నుంచి వచ్చిన స్టార్ ఆటగాడు మత్సువో యూజీ వాళ్ళకి తోడయ్యాడు. ఆ జెండాలు చేపల పడవలవి, తైర్యోబాతా అంటారు. వల నిండా చేపలు పడితే పడవకి కట్టుకుని రేవుకి వస్తారట. ఫైనల్ ఉంటే జాలర్లూ కార్మికులూ వాటిని టోక్యో దాకా మోసుకెళ్ళి ఊపేవారు. అంతటి జట్టుకి సొంత ఊళ్ళో చెప్పుకోదగ్గ స్టేడియం లేదు.

రెండో రోజు

కమైషి నుంచి సాన్‌రికు రైల్వే వారి రైలులో పావుగంట. ఈ లైను 2011 సునామీలో కొట్టుకుపోయి, 2019 మార్చిలో తిరిగి మొదలైంది. దిగిన స్టేషన్ పేరు ఉనొసుమాయి.

స్టేడియానికి వెళ్ళే తొందరలో ఉన్నాను గానీ స్టేషన్ ముందే ఒక ప్రార్థనా స్థలం ఉంది, దాన్ని దాటుకుని పోలేం. ఊళ్ళో పోయినవారి పేర్లు రాళ్ళ మీద వరుసగా చెక్కి ఉన్నాయి. అలల ఎత్తు చూపించే గుర్తు 11 మీటర్ల దగ్గర ఉంది. తల పూర్తిగా వెనక్కి వాల్చి చూడాలి.

ఈ స్థలంలో అంతకుముందు విపత్తు రక్షణ కేంద్రం ఉండేది. రెండంతస్తుల కొత్త భవనం, 2010లో తెరిచారు. నిజానికి సునామీ వస్తే మొదట పరిగెత్తాల్సిన చోటు అది కాదు. కొండ మీద వేరే చోటు ఉంది. కానీ ముసలివాళ్ళు కొండ ఎక్కలేరని, డ్రిల్లుకి వచ్చేవాళ్ళు తగ్గిపోతున్నారని, సౌకర్యం కోసం డ్రిల్లులు ఈ భవనంలోనే పెట్టడం అలవాటైంది. 2011 మార్చి 11న భూమి కంపించినప్పుడు జనం అలవాటుగా ఇక్కడికే వచ్చారు. 160 మందికి పైగా ఇక్కడే చనిపోయారు. కమైషి మొత్తం మీద చనిపోయినవారూ ఆచూకీ దొరకనివారూ కలిపి వెయ్యి దాటారు. బండ మీద ఊరి ప్రజలు రాసుకున్న నాలుగు మాటలున్నాయి. నాకొచ్చిన తెలుగులో చెప్తే: సిద్ధంగా ఉండు, పరుగెత్తు, వెనక్కి వెళ్ళకు, చెప్తూ ఉండు.

అక్కడినుంచి స్టేడియం నడక దూరమే. కొత్త ఇళ్ళు, ఖాళీ స్థలాలు, ఒక వాగు వంతెన. దూరం నుంచి తెల్లటి కప్పు కనిపించింది, తెరచాప ఎత్తిన పడవలా. దగ్గరికొస్తే ఆశ్చర్యం, స్టేడియం అంటే మనకి గుర్తొచ్చే ప్రహరీలూ గేట్లూ కనపడవు. గ్రౌండ్ చుట్టూ మూడు వైపులా కొండలు, ఒకవైపు సముద్రం. సముద్రాన్ని మాత్రం 14.5 మీటర్ల కొత్త గోడ దాచేసింది. ఆ రోజు మ్యాచ్ లేదు. గడ్డి కోసే మనిషి ఒకాయన చిన్న బండి మీద గీతలు గీసినట్టు తిరుగుతున్నాడు. కోసిన పచ్చి గడ్డి వాసన.

"ఇక్కడేనా అమ్మా బడి?" అన్నారు నాన్న.

ఇక్కడే. స్టేడియం కట్టకముందు ఈ చోటే ఉనొసుమాయి ఎలిమెంటరీ స్కూలు, దాని పక్కనే కమైషి తూర్పు జూనియర్ హైస్కూలు ఉండేవి. హజార్డ్ మ్యాపులో ఈ రెండు బళ్ళూ సునామీ రాని చోట ఉన్నట్టే చూపించారు. కానీ 2004 నుంచి గున్మా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కతాదా తోషితకా ఈ ఊరి బళ్ళలో పాఠం చెప్తూ వచ్చారు. మ్యాపుని నమ్మొద్దు, చేతనైనంతా చెయ్యి, అందరికంటే ముందు నువ్వు పరుగెత్తు. ఈ తీరంలో తాతల నాటి మాట ఒకటి ఉంది, తెందెంకో. అంటే ఎవరికి వారే. తల్లి కోసం పిల్లా, పిల్ల కోసం తల్లీ ఆగొద్దు, ఎవరి దారిన వాళ్ళు కొండెక్కాలి, పైన కలుసుకుంటాం అన్న నమ్మకంతో. వినడానికి కఠినంగా ఉంటుంది. ఒకరి కోసం ఒకరు ఆగి కుటుంబాలకు కుటుంబాలే పోయిన అనుభవం నుంచి పుట్టిన మాట.

ఆ మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు కంపించింది. జూనియర్ హైస్కూలు పిల్లలు బయటికొచ్చి పరుగందుకున్నారు. పక్కబడిలో చిన్నపిల్లల్ని అప్పటికే మూడో అంతస్తుకి ఎక్కించారు. పెద్దపిల్లలు పరిగెడుతుంటే చూసి వాళ్ళూ కిందికి దిగి వెనకే పరిగెత్తారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చెయ్యి పట్టుకున్నారు. మొదట ఆగిన చోట కొండచరియ విరిగిపడుతోందని ఇంకా పైకి, అక్కడా భయమేసి ఇంకా పైకి వెళ్ళారు. కలిసి పరిగెత్తిన దాదాపు ఆరువందల మంది పిల్లలు బతికారు. తర్వాత చూస్తే ఎలిమెంటరీ స్కూలు మూడో అంతస్తులో ఒక కారు ఇరుక్కుని ఉంది, వాళ్ళని మొదట కూర్చోబెట్టిన అంతస్తులోనే.

'కమైషి అద్భుతం' అని పత్రికలు రాశాయి. ఆ పిల్లల్లో చాలామందికి ఆ మాట నచ్చదు. అద్భుతం కాదు, నేర్చుకున్నది చేశాం అంటారు. పైగా ఆ రోజు ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళూ, తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. ఒకే ఊళ్ళో బడి నుంచి పరిగెత్తిన పిల్లలు బతికితే, డ్రిల్లు చేసిన భవనంలోకి వెళ్ళిన పెద్దలు పోయారు. మధ్యలో నడక దూరమే. అందుకే ఈ స్టేడియం కథ చెప్పేవాళ్ళెవరైనా స్టేషన్ ముందు బండలు చూపించకుండా నేరుగా గ్రౌండుకి తీసుకురాకూడదని నాకనిపించింది.

ప్లాంటు జట్టు మూతపడ్డాక 2001లో ఊరి జట్టుగా మారింది, పేరు సీవేవ్స్. సముద్రపు అలలు. 2011 తర్వాత కూడా ఆ పేరు మార్చుకోలేదు. ఆ మార్చిలో ఆటగాళ్ళు లారీల్లోంచి బియ్యం మూటలు దించారు, ముసలివాళ్ళని మోశారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన స్కాట్ ఫార్డీ అప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. దేశం వదిలి వెళ్ళే అవకాశం వచ్చినా వెళ్ళలేదు, ఉండిపోయి సాయం చేశాడు. 2015 ప్రపంచకప్ ఫైనల్లో ఆస్ట్రేలియాకి ఆడింది అతనే.

ప్రపంచకప్ మ్యాచ్‌లు మా ఊళ్ళో పెట్టండి అని కమైషి అడిగినప్పుడు జనం ఇంకా తాత్కాలిక ఇళ్ళలో ఉన్నారు. ఇళ్ళు కట్టకుండా స్టేడియం ఏమిటని ఊళ్ళోవాళ్ళే ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2015 మార్చిలో 12 వేదికల్లో ఒకటిగా కమైషి ఎంపికైంది. ఆ టోర్నీ కోసం కొత్తగా కట్టినది ఇదొక్కటే. ఊరి తాహతు తెలిసి కట్టారు, శాశ్వతంగా 6 వేల సీట్లు, ప్రపంచకప్ కోసం పెట్టిన 10 వేల తాత్కాలిక సీట్లు తర్వాత తీసేశారు. పిల్లల బడి ముందే కొండ మీదికి వెళ్ళిపోయింది, 2017లో. 2018 ఆగస్టు 19న స్టేడియం తెరిచారు.

స్టాండులోకి వెళ్ళి కూర్చున్నాం. చెక్క సీట్లు. 2017 మేలో ఇక్కడి ఒజాకి ద్వీపకల్పంలో అడవి తగలబడింది. బెరడు మాడిపోయినా లోపల బాగున్న దేవదారు మానులు కోసి వీటిని చేశారు. నాన్న కళ్ళజోడు పైకి నెట్టుకుని వేళ్ళతో పలక అంతా తడిమి చూశారు. ఎండకీ వానకీ పలక బూడిద రంగుకి తిరిగింది. లోపలి చారలు మాత్రం ఎర్రగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒక స్క్రూ చుట్టూ సన్నటి తుప్పు మరక. "ఉప్పుగాలి" అన్నారు, ఊరి మనిషి ఎదురుపడ్డట్టు. మరోవైపు ప్లాస్టిక్ సీట్లు కొన్ని పాత జాతీయ స్టేడియం నుంచీ టోక్యో డోమ్ నుంచీ తెచ్చి వేశారు.

2019 సెప్టెంబర్ 25న ఈ స్టాండుల్లో 14,025 మంది కూర్చున్నారు. ఊరి బడిపిల్లలు ప్రపంచానికి కృతజ్ఞత చెప్తూ పాట పాడారు. ఫిజీ గెలుస్తుందని అందరూ అనుకుంటే ఉరుగ్వే 30–27తో గెలిచింది. కెప్టెన్ గామినారా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. టీవీలో చూస్తూ నేనూ ఏడ్చాను, ఆ మ్యాచ్ చూసే రెండో మ్యాచ్‌కి వెళ్ళి తీరాలని అనుకున్నాను.

టికెట్ తీసి నాన్నకిచ్చాను. నమీబియా అప్పటికి ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. కెనడా మీద గెలిచే అవకాశం ఉందని ఆ జట్టు ఎంతగానో ఎదురుచూసింది. పన్నెండో తేదీన హగిబిస్ తుపాను తీరం తాకింది. టోక్యోలో రైళ్ళన్నీ ముందే ఆపేశారు. తెల్లారి కమైషిలో బురద, విరిగిన చరియలు. మ్యాచ్ రద్దు, 0–0గా రాసి చెరి రెండు పాయింట్లు ఇచ్చేశారు. కెనడా ఆటగాళ్ళు హోటల్లో కూర్చోలేదు. పారలు పట్టుకుని వీధుల్లోకి వచ్చి ఇళ్ళ ముందు బురద తోడారు. నమీబియావాళ్ళు బసచేసిన మియాకో ఊళ్ళో జనాన్ని కలిసి పలకరించారు.

నాన్న టికెట్ వంక చూస్తూ, "తుపాను వచ్చింది పన్నెండో తారీఖా?" అన్నారు.

"అవును నాన్నా, అక్టోబర్ 12."

"హుద్‌హుద్ కూడా అదే రోజమ్మా."

నిజమే. 2014 అక్టోబర్ 12, వైజాగ్. నేనప్పుడు ఇంట్లో లేను, హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండు రోజులు ఫోను కలవక పిచ్చెక్కింది. తర్వాత వెళ్తే ఉక్కునగరంలో ఒక్క చెట్టు నిలబడి లేదు, కైలాసగిరి మీద ఆకన్నది లేక కొండ మట్టిరంగులో ఉంది. నాన్న ఆ సంగతి ఎప్పుడూ పెద్దగా చెప్పలేదు. ఇక్కడ, ఖాళీ స్టేడియంలో చెప్పారు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, మూడో రోజు ఎవరో తెలియని కుర్రాళ్ళు రంపాలతో వచ్చి మా వీధిలో పడ్డ చెట్లు కోసి దారి చేసి, పేరడిగితే చెప్పకుండా పక్క వీధికి వెళ్ళిపోయారట. "మ్యాచ్ ఆడకపోయినా వీళ్ళు ఆ కుర్రాళ్ళ పనే చేశారు" అన్నారు.

ఉరుగ్వే గెలుపు గొప్పది, కాదనను. కానీ ఈ గ్రౌండు చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్ద రోజు ఆ ఆడని మ్యాచ్ రోజే. సముద్రం ముంచిన చోట కట్టిన స్టేడియం, వాన ముంచెత్తిన రోజున ఆటని ఆపి మనుషుల్ని చూసుకుంది.

మూడో రోజు

రోజంతా వాన. కొండ మీద ఉక్కు చరిత్ర మ్యూజియంకి వెళ్ళాం. హషినోలో 19వ శతాబ్దంలో కట్టిన కొలిమికి అసలు సైజులో నమూనా ఉంది లోపల. ఆ హషినో 2015లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. నాన్న అక్కడి ఉద్యోగినితో చేతి సైగలతోనే ట్యాప్ హోల్ (కొలిమిలోంచి కరిగిన ఇనుము బయటికి పారే కన్నం) గురించి అరగంట మాట్లాడారు, ఆవిడకీ అర్థమైంది. నేను అనువాదం చెయ్యబోతే ఇద్దరూ వద్దన్నారు.

నాలుగో రోజు

వెళ్ళిపోయే రోజు. మధ్యాహ్నం దాకా రైలు లేదు. ఆ పిల్లలు పరిగెత్తిన దారి నడుద్దాం అన్నారు నాన్న. మోకాళ్ళ నొప్పులున్నాయి కదా అంటే వినలేదు.

స్టేడియం దగ్గర నిలబడి వాచీ చూసుకుని బయల్దేరారు. మొదట చదునుగా, పొలాల పక్కనుంచి రోడ్డు. తర్వాత కొద్దికొద్దిగా ఎత్తు. మొత్తం కిలోమీటరున్నర ఉంటుంది. పిల్లలు మొదట ఆగిన చోటు దగ్గరే నాన్నకి ఆయాసం వచ్చింది. నీళ్ళు తాగారు, మళ్ళీ నడిచారు. రెండో చోటు దాటాక రోడ్డు బాగా లేచింది. నేను ముందు నడుస్తూ మాటిమాటికి వెనక్కి తిరిగి చూస్తున్నాను. తిరిగినప్పుడల్లా స్టేడియం తెల్లకప్పు చిన్నదవుతూ కనిపించింది, దాని వెనక గోడ, గోడ వెనక నీలంగా సముద్రం. కింద గ్రౌండులో ఉంటే కనపడని సముద్రం ఇక్కడికొస్తే కనపడింది.

పైన ఆగి నాన్న వాచీ చూశారు. నలభై రెండు నిమిషాలు. ఆ రోజు కంపించాక అరగంట దాటగానే అల ఊళ్ళోకి వచ్చింది.

"నేను చాలను తల్లీ" అన్నారు, రోడ్డు పక్క రాయి మీద కూర్చుంటూ.

నాకేం అనాలో తోచలేదు. కాసేపటికి ఆయనే అన్నారు.

"ఆ పెద్దపిల్లలు దార్లో ముసలివాళ్ళనీ తోసుకుంటూ తెచ్చారన్నావు కదూ."

"అవును నాన్నా. అంగన్‌వాడీ పిల్లల తోపుడు బళ్ళు కూడా తోశారు."

"అయితే నన్నూ తెచ్చుందురు" అని, లేవడానికి నా వైపు చెయ్యి చాపారు.